ఎర్ర గుడ్డ కట్టిన బస్తా

ఆ బుధవారం బడికి సెలవు. ఇంట్లో ఆరుగురం ఉన్నాం. మామ్మ, అమ్మ, సుధత్త, సుధత్త కూతురు బుజ్జి, బుజ్జికి నీళ్ళు పోయడానికి వచ్చిన తులసమ్మ, నేను. నాన్న ముందువైపు కొట్లో ఉన్నాడు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక్క గుమ్మమే. ఆయన్ని కూడా కలిపితే ఏడుగురం.

మా ఊరు ఒడిశాలో బిస్సమ్ కటక్‌కి దగ్గర. సుధత్త నాన్న చెల్లెలు. పురిటికి మా ఇంటికి వచ్చింది. బుజ్జికి మూడో నెల.

తులసమ్మ పెరట్లో పీట మీద కూర్చుంది. రెండు కాళ్ళూ చాపి, వాటి మీద బుజ్జిని పడుకోబెట్టుకుంది. తను తెచ్చిన ఇప్పనూనె వేసి చేతులూ కాళ్ళూ మెల్లగా సాగదీసింది. తర్వాత గిన్నెలోని నలుగుపిండి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"కొత్త పిండా? వాసన ఏదోలాగున్నాది."

"మా పద్దూ సేసినాది," అంది సుధత్త గొప్పగా.

"పద్దూయే! నిన్నగాక మొన్న ఈ కాళ్ళ మీదే తొంగుని నా సీరంతా తడిపీసినాది. ఇప్పుడు పిండి సేసే పాటిదైపోనాదా?"

అందరూ నవ్వారు. నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను. నలుగురూ నా వైపు చూస్తే నాకు మాట రాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. కానీ ఆ రోజు లోపల చాలా సంతోషంగా ఉంది.

ఆ పిండి సంగతి ముందు చెప్పాలి.

రెండు వారాల క్రితం మా బడిలో టీచరు బిందుశ్రీ దీదీ ఖాళీ సబ్బు కాగితాలు తెమ్మంది. వాటి మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు మా చేత చదివించింది. ఒక్క సబ్బులో పదిహేడు పేర్లున్నాయి. పదకొండు మాకు నోరు తిరగలేదు.

"నోరు తిరగనివన్నీ చెడ్డవి కావు," అంది దీదీ. "తెలిసిన పేరు ఉన్నంత మాత్రాన మంచివీ కావు. ఒంటికి పూసుకునేది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుని పూసుకోవాలి."

ఆ మాటల్లో సగమే నేను ఇంటికి తెచ్చుకున్నాను. సబ్బులు చెడ్డవి. ఇంట్లో చేసుకున్నవి మంచివి. అంతే.

సెంటు సబ్బుతో బుజ్జి ఒళ్ళు పొడిబారుతోందని సుధత్త అప్పటికే దిగులు పడుతోంది. నేను ఆమె చెవిలో చెప్పాను. ఆమె అందరికీ చెప్పింది. వారం తిరిగేసరికి ఇంట్లో సబ్బు పోయి నలుగుపిండి వచ్చింది. షాంపూ పోయి కుంకుడుకాయలు వచ్చాయి. పౌడరు డబ్బా అటక ఎక్కింది.

"మనం అమ్మే సబ్బు మనమే మానీసినామని తెలిస్తే ఊరోళ్ళు కొంటారేటి?" అన్నాడు నాన్న. అన్నాడే కానీ మర్నాడు ఆయనా కుంకుడు రసంతోనే తలంటుకున్నాడు. కళ్ళలో పడి గంతులేశాడు.

ఆదివారం నాటికి మామ్మ చేసిన పిండి అయిపోయింది.

"సంతలో మంచి పెసలు సూసి తెస్తాను. అప్పుడు సేద్దారి," అంది మామ్మ.

నేను ఆగలేకపోయాను. నేనే చేసి అందరినీ ఆశ్చర్యపరచాలనుకున్నాను. సోమవారం బడి నుంచి రాగానే కొట్టు వెనకున్న గొడౌన్‌లోకి వెళ్ళాను.

ముందు వరసలో అమ్మే పెసల బస్తా ఉంది. గింజలు తళతళలాడుతున్నాయి. మెరుపు కోసం పాలిష్ పడతారని నాన్న ఎవరితోనో అంటుంటే ఒకసారి విన్నాను. అయితే ఇవి వద్దు అనుకున్నాను. మూలన ఇంకో బస్తా ఉంది. దాని మూతికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఎర్ర గుడ్డ కడితే విత్తనాల బస్తా అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రైతులకి ఇచ్చే విత్తనాలంటే అన్నిటికన్నా మంచి గింజలు. విప్పి చూశాను. మెరుపు లేదు. పైన తెల్లగా ఏదో పొడి అంటుకుని ఉంది.

బూడిద కాబోలు అనుకున్నాను. పురుగు పట్టకుండా మామ్మ మినుముల్లో బూడిద కలుపుతుంది.

నాన్న పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. అడగొచ్చు. అడిగితే కొట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూస్తారు. అడగలేదు. రెండు గిద్దల గింజలు తీసుకుని గుడ్డ మళ్ళీ కట్టేశాను.

గింజల్ని తడిగుడ్డతో తుడిచాను. పసుపుకొమ్ములూ కమలా తొక్కలూ కలిపి డాబా మీద ఎండబెట్టాను. మర్నాడు సాయంత్రం మిక్సీలో వేసి, జల్లించి, డబ్బాలో పోశాను. ఆ పిండే ఇప్పుడు తులసమ్మ చేతిలో ఉంది.

స్నానం అయ్యాక బుజ్జికి సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టారు. తులసమ్మ కాఫీ తాగుతోంది. అరగంటైనా కాలేదు, బుజ్జి కెవ్వుమంది. సుధత్త గుడ్డ తీసి చూసింది. వీపు మీదా మెడ మీదా ఎర్రగా దద్దుర్లు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎత్తుకున్నా ఊరుకోవడం లేదు. పాలు పట్టబోతే మొహం తిప్పేసింది.

మామ్మ పూజ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఏటి పూసేవే దీనికి?"

"ఎప్పుడూ పూసిందే పెద్దమ్మా. ఇప్పనూనె."

"ఎక్కడిది? ఎప్పుడాడించినాది?"

"నానే ఆడించేను. మొన్ననే."

"అందులో ఏటి కలిసిందో నీకేటి తెల్సు? పచ్చిగుంట ఒంటికి అదా పూసేది?"

తులసమ్మ లేచి నిలబడింది. "ఈ ఊర్లో నలభై మంది గుంటలకి నీళ్ళోసేను పెద్దమ్మా. నీ మనవరాలికీ ఈ నూనే పూసేను," అని నా వైపు చూపించింది.

"అయితే మరి దీనికేటైనాది? సాల్లే. రేపటి నుంచి నువ్వు రాకు!"

మామ్మ గొంతు పెద్దది. కొట్లో సరుకులు కొంటున్న నలుగురైదుగురు తొంగి చూశారు. తులసమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని వాళ్ళ మధ్య నుంచే బయటికి వెళ్ళిపోయింది. నూనె సీసా పీట దగ్గరే ఉండిపోయింది.

పిండి కూడా కొత్తదే కదా, అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

అమ్మా సుధత్తా బుజ్జిని తీసుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. మామ్మ దేవుడి ముందు కూర్చుంది. నేను పీట కడుగుతున్నాను. కడిగిందే మళ్ళీ కడుగుతున్నాను.

ఎవరో రైతు విత్తనాలకి వచ్చినట్టున్నాడు. నాన్న గొడౌన్‌లోకి వెళ్ళాడు.  లోపలి నుంచి అరిచాడు.

"ఈ ముడి నాది కాదు! ఈ బస్తా ఎవులు ఇప్పేరు? మందు కలిపిన ఇత్తనం ఇది! ఎవులైనా వండుకు తింటే ఏటి గతి?"

నా చేతిలో చెంబు జారిపోయింది.

గదిలోకి పరుగెత్తాను. నాన్నకి ఎలా చెప్పాలో తెలియలేదు. డైరీ తీసి రాశాను. "నలుగుపిండి ఆ బస్తాలో పెసలతో చేశాను. బుజ్జికి అదే పూశారు. తులసమ్మ నూనె వల్ల కాదు. నా వల్ల."  ఆ పేజీ తెరిచి నాన్న ముందు పెట్టాను.

నాన్న చదివాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆయన మొహం తెల్లబోయింది.

"ఆ పిండి ఇంకెవులైనా పూసుకున్నారా?"

తల అడ్డంగా ఊపాను.

"డబ్బా తే. బేగి రా."

మిట్టమధ్యాహ్నం కొట్టు మూసేశాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని బండి మీద వెనక కూర్చున్నాను. 

డాక్టర్ డబ్బా తీసుకున్నాడు. విత్తనాలకి కలిపిన మందు పేరు నాన్న చెప్పాడు. డాక్టర్ వెంటనే బుజ్జి తలా, ఒళ్ళూ, మెడ మడతలూ అన్నీ మళ్ళీ కడిగించాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచి చూశాడు. ఐదింటికి బుజ్జి పాలు తాగింది. తాగి నిద్రపోయింది.

"ఎందువల్లో తెలిసింది కనక సరైన వైద్యం చేయగలిగాం," అన్నాడు డాక్టర్. "ఇక భయం లేదు."

సుధత్త అప్పుడు ఏడ్చింది. నన్ను తిట్టలేదు. నా వైపు చూడనూ లేదు.

మర్నాడు పొద్దున్న నాన్న కొట్టు తెరవకుండా గొడౌన్‌లోకి వెళ్ళాడు. ఒక అట్టముక్క మీద తెలుగులోనూ ఒడియాలోనూ 'మందు కలిపిన విత్తనం' అని రాశాడు. పక్కన నన్ను కంచం బొమ్మ గీసి అడ్డంగా కొట్టెయ్యమన్నాడు. చదువు రానివాళ్ళకి కూడా తెలియాలని.

"ఎర్ర గుడ్డ కడితే మందని నాకు తెల్సు. మీకు సెప్పలేదు. అది నా తప్పు," అన్నాడు. "ఇంక నీ తప్పు సంగతి."

నేను డైరీ పట్టుకుని నిలబడ్డాను.

"నాకంటే రాసి సూపించేవు. తులసమ్మకి సదువు రాదమ్మి."

మామ్మ నూనె సీసాని తడిగుడ్డతో తుడిచి నా చేతికిచ్చింది. "నేను అనేసినానని బాధ పడతన్నానని కూడా సెప్పు," అంది నేల చూస్తూ.

"నీ మాట నువ్వే ఎల్లి సెప్పుకోవాలమ్మా," అన్నాడు నాన్న. "దాని మాట అది సెప్పుకుంటాది."

డైరీ ఇంట్లో పెట్టేసి బయల్దేరాను.

తులసమ్మ ఇల్లు సంత వెనక సందులో ఉంది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురింటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. కుళాయి దగ్గర ఇంకో ఇద్దరు. నన్ను చూసి అందరూ మాటలాపారు.

తులసమ్మ తల ఎత్తలేదు. "పాపకెలాగుంది?"

"తగ్గింది."

"మరింకేటి?"

నేను ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆమె చెవి దగ్గరగా మెల్లగా చెప్పాను. పెసల సంగతీ, ఎర్ర గుడ్డ సంగతీ, స్తంభం దగ్గర నోరు మూసుకుని నిలబడ్డ సంగతీ.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నువ్వక్కడే ఉన్నావు. మీ మామ్మ అంటుంటే ఇన్నావు."

"విన్నాను."

"మీ మామ్మ కొట్టంతా ఇనేలాగ అన్నాది. నువ్వు నా సెవిలో సెప్తన్నావు." చింతపండు చేట పక్కకి నెట్టింది. "రాత్రి పక్కింటిది వాళ్ళ గుంటడికి ఇంక నన్ను నీళ్ళొయ్యొద్దన్నాది. దానికెవులు సెప్తారు?"

ఆ పక్కింటావిడ కుళాయి దగ్గరే ఉంది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. కట్టడం లేదు.

నేను లేచాను. సందు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. అందరి కళ్ళూ నా మీదే.  సీసా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"తులసమ్మ నూనెలో ఏమీ లేదు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మందు కలిపిన గింజలతో పిండి నేను చేశాను. ఎవరినీ అడక్కుండా చేశాను. మా బుజ్జికి నా పిండి వల్లే అలా అయింది. డాక్టర్‌కి కూడా చెప్పాం. తప్పు నాది!"

 కుళాయి దగ్గరావిడ చటుక్కున కుళాయి కట్టేసింది.

తులసమ్మ లేచి వచ్చింది. నా చేతిలోంచి సీసా తీసుకుంది. మూత తీసి వాసన చూసుకుంది. మళ్ళీ బిగించింది.

"తులసమ్మా, మళ్ళీ మా ఇంటికి వస్తావా?"

ఆమె చేట ఎత్తుకుని గుమ్మం ఎక్కింది. అక్కడ ఆగింది. నా వైపు తిరగలేదు.

"వారం దాకా నూనొద్దు, పిండొద్దు. గోరెచ్చటి నీళ్ళు సాలని సెప్పు మీ అత్తతోటి."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.