పిరికిగాజు

రాజమండ్రి రేవులో సరంగు లేని పడవ దిగి ఆసుపత్రి మెట్లెక్కే కుర్రడాక్టర్లు 2081లో అన్నిటికన్నా ముందు చేసే పని చేతికి గాజు తొడుక్కోవడం. దాని అసలు పేరు భీతిమాపకం. ఇంగ్లీషులో ఫియర్ మీటర్. అంత పొడుగు పేర్లు ఎవరు పలుకుతారు? శిక్షణలో ఉన్న పిల్లలంతా దాన్ని పిరికిగాజు అనేవారు.

ఆ గాజు ఎందుకు పుట్టిందో చెప్పాలి. అప్పటికి చుక్క రక్తంతో వందల పరీక్షలు చేసే సర్వశోధిని యంత్రం ఊరూరా వెలిసింది. వెలిశాక ఏమైంది? కాస్త నీరసం అన్నవాడికల్లా అన్ని పరీక్షలూ రాయడం, వాటిలో ఏదో ఒకటి అటూ ఇటూగా రావడం, దాని వెంటపడి మరికొన్ని రాయడం. రోగం కుదిరేలోపు ఇల్లు గుల్లయ్యేది. రక్తవ్యాధుల శిక్షణాలయానికి పెద్ద అయిన ఆచార్య పేర్రాజు గారు ఇదంతా చూసి, డాక్టర్లు అనవసరంగా రాసేది తెలియక కాదు, భయపడి రాస్తారని తేల్చారు. ఆయన చేసిన గాజు డాక్టరు నాడినీ చెమటనీ చదివి, వాటిని రోగి లక్షణాల పక్కన పెట్టి చూస్తుంది. రాసిన పరీక్ష రోగికి అవసరమైనదైతే పచ్చగా వెలుగుతుంది. డాక్టరు భయంలోంచి పుట్టిందైతే ఎర్రబడుతుంది, ఆ పరీక్ష ముందుకు కదలదు. దీనికి తోడు ఆయన వార్డులో ఒక ఆచారం ఉంది. ఏది రాయాలన్నా ముందు "దీనివల్ల ఏం మారుతుంది?" అని పైకి అడిగి, జవాబు చెప్పాలి.

ఆ వార్డులో శిక్షణకొచ్చిన తరళ మొదటి ఏడాది ఏం రాసినా గాజు ఎర్రబడేది. తోటివాళ్ళు ఆమెను ఎర్రగాజుల పెళ్ళికూతురని ఏడిపించారు. పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఇప్పుడు శిక్షణ ఆఖరుకొచ్చింది, పేర్రాజు గారు సంతకం పెడితే ఆమె పూర్తి డాక్టరు.

సరిగ్గా అప్పుడే ఒక ఉదయం పేర్రాజు గారు అయిదేళ్ళ మనవరాలు మేదినిని ఎత్తుకుని వార్డులోకి వచ్చారు. వెనకే పాప తల్లి. పాప కాళ్ళ నిండా ఆవగింజలంత ఎర్రచుక్కలున్నాయి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదన్నది అక్కడి నియమం కాబట్టి, డ్యూటీలో ఉన్న తరళే చూడాలి. ఆమెను నోరు తెరవనీయకుండా పేర్రాజు గారు ఎముకమజ్జ తీయమన్నారు, సర్వశోధిని రెండుసార్లు నడపమన్నారు, వేలమంది దానం చేసిన ప్లాస్మా నుంచి తీసే ఇమ్యునోగ్లోబులిన్ వెంటనే ఎక్కించమన్నారు. ఏవి రాయొద్దని ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పారో అవన్నీ ఏకరువు పెట్టారు.

తరళ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రెండు వారాల కిందట జలుబు చేసిందని తల్లి చెప్పింది. నోట్లో నెత్తురు లేదు, పొట్టలో ప్లీహం పెరగలేదు, ఎముకల నొప్పి లేదు. సూక్ష్మదర్శిని కింద రక్తపుచుక్క చూస్తే మిగతా కణాలన్నీ చక్కగా ఉన్నాయి. పాప అయితే బల్ల మీంచి దూకుతానని మారాం చేస్తోంది. జలుబు తర్వాత పిల్లల ఒళ్ళు పొరపాటున తన ప్లేట్‌లెట్లనే తినేసుకునే జబ్బు ఇది. ఎక్కువమందికి దానంతట అదే సర్దుకుంటుంది.

"మేష్టారూ, మజ్జ తీస్తే ఏం మారుతుందండీ?" అని అడిగింది.

"నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది నేనమ్మాయ్."

అనేశాక ఆయన ముఖం చిన్నబోయింది. తరళ సొరుగులోంచి ఒక గాజు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది తొడుక్కుని అడగండి. పచ్చగా వెలిగితే నేనే రాసేస్తాను."

కనిపెట్టిన మనిషే అయినా ఆయన దాన్ని ఏనాడూ తొడుక్కోలేదు. భయపడేది ఎదుటివాళ్ళు కదా, తనకెందుకనుకున్నారు. తొడుక్కుని "మజ్జ" అన్నారో లేదో గాజు ఎర్రబడింది. మేదిని అది చూసి చప్పట్లు కొట్టి, అలాంటిది తనకూ కావాలంది.

"నాన్నా, డాక్టరమ్మ చెప్పినట్టు విందాం," అంది పాప తల్లి.

ఆయన కుర్చీలో కూలబడి తలూపారు. గెంతులొద్దని, నొప్పిమాత్రలు వేయొద్దని, నోట్లోంచో ముక్కులోంచో నెత్తురొచ్చినా తలనొప్పన్నా వెంటనే తీసుకురమ్మని చెప్పి తరళ వాళ్ళను ఇంటికి పంపింది.

తర్వాత కొత్త చుక్కలు రావడం ఆగింది. పాతవి వాడిపోయాయి. నెల తిరిగేసరికి ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయి, మేదిని అరుగు మీంచి దూకి మోకాలు చెక్కుకుంటే, నాలుగు చుక్కలు కారి నెత్తురు దానంతట అదే ఆగిపోయింది. ఆ గాయం చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

పేర్రాజు గారు సంతోషంగా సంతకం పెట్టి, తరళను ఒకటి అడిగారు. నెలంతా ఆమె గాజు రికార్డు చూశారట, ఒక్కసారీ ఎర్రబడలేదట. అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందని ఆయన సందేహం.

"ధైర్యమా? నాకు కంటిమీద కునుకుంటే ఒట్టండి. మీ గాజు మేం ఏదైనా రాస్తేనే చూస్తుంది. రాయకుండా ఊరుకున్నవాడి భయం దానికెలా తెలుస్తుంది?"

ఇన్నేళ్ళూ భయం లేని డాక్టర్లను తయారుచేస్తున్నానని పేర్రాజు గారు మురిసిపోతూ వచ్చారు.

"మరి అంత భయాన్నీ ఏం చేశావమ్మా?"

"ఇలాంటి పాపను వారానికోసారి చూస్తే చాలన్నది మీ రూలే కదండీ. నేను పూటపూటా మీ ఇంటి గుమ్మం తొక్కింది కాఫీ కోసమనుకున్నారా?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. భయపడింది తనొక్కడే కాదని తెలిసి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

మర్నాడు కొత్త బ్యాచ్ దగ్గరికి ఆయన గాజు తొడుక్కునే వచ్చారు. ఒక కుర్రాడు అప్పుడే గాజు ఎర్రబడిన చేతిని వెనక్కి దాచుకుని నిలబడ్డాడు.

"ఎర్రబడిందా? మంచిదే. పద, ఇద్దరం ఆ రోగి మంచం పక్కన కాసేపు కూర్చుందాం," అన్నారు పేర్రాజు గారు.