ఆల్చిప్పల తొట్టి

మా ఊరికి వందేళ్ళు నిండాయని నగరసభ వాళ్ళు ఓ పుస్తకం వేశారు. అట్ట మీద ముత్యపు గుండీల బొమ్మ. మిసిసిపీ నది, గుండీల ఫ్యాక్టరీలు, మేయర్ల మీసాలు అన్నీ ఉన్నాయి. కంపు ఒక్కటే లేదు. అక్కడ పనిచేసినదాన్ని, ఆ కంపు నాకు తెలుసు.

నదిలోంచి తీసిన ఆల్చిప్పల్ని ఉడకబెట్టి, చిప్పలు గుండీలు కోయడానికి పంపేవాళ్ళు. లోపలి మాంసం ఆడవాళ్ళ ముందు తొట్లలో పోసేవాళ్ళు. ఎక్కడైనా ముత్యం ఉందేమోనని ఆ మాంసాన్ని మేం వేళ్ళతో తడిమి, నొక్కి చూడాలి. ఆగస్టు ఎండకి అది గంటలో కుళ్ళేది. బూడిదరంగు జిగురు, దాని మీద ఈగల ముసురు. అందులో మోచేతుల దాకా ముంచేవాళ్ళం. సబ్బుతో ఎంత తోమినా, ఆదివారం చర్చిలో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

నా పక్క తొట్టి ఓటిలీది. ఆ ఏడాది ఫ్యాక్టరీ సమ్మెలో ముందు నిలబడ్డ ఆమె మొగుడు ఎమిల్ ఉన్నట్టుండి కనిపించకుండా పోయాడు. కంపెనీ మనుషులే నదిలో తోసేశారని కొందరన్నారు. మేస్త్రి గ్రోట్ మాత్రం రోజూ ఒకటే పాట.

"చికాగోలో ఎవతెనో తగులుకున్నాడే నీ మొగుడు! ఇంకా ఎదురుచూస్తున్నావా?"

విధవరాలిలా నల్లబట్టలు కట్టుకుని ఏడవాలో, మొగుణ్ణి నోరారా తిట్టుకోవాలో ఓటిలీకి తెలియదు. అదే ఆమెని తినేస్తోంది.

ఓ మధ్యాహ్నం ఆమె చేతులు ఆగిపోయాయి.

"లీనా... నీ చెయ్యి నా తొట్లో పెట్టావా?" గుసగుసగా అడిగింది.

"లేదక్కా."

"మరి నా వేళ్ళు ఎవరు పట్టుకున్నారే?"

నేనూ ఆమె తొట్లో చెయ్యి ముంచాను. వెచ్చటి జిగురు... అడుగున ఏదో కదిలింది. నా చిటికెన వేలు పట్టుకుని నొక్కింది. తర్వాతి వేలు... ఆ తర్వాతిది... మేం ముత్యం కోసం తడిమినట్టే. నేను ఓటిలీని కాదని తెలిసిందేమో, వదిలేసింది. అక్కడే కక్కేశాను.

ఓటిలీ మాత్రం చెయ్యి తియ్యలేదు.

"పెళ్ళి ఉంగరం వేలు వదలట్లేదే... ఎక్కడికీ పోలేదు మా ఆయన," అంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

గ్రోట్ వచ్చాడు. "ఏంటే ఈ నాటకాలు? ఏదీ, నన్ను చూడనీ!" అంటూ కుడిచెయ్యి తొట్లో దూర్చాడు.

వాడి నవ్వు సగంలో ఆగింది.

లాగాడు... రాలేదు. నలుగురు మగాళ్ళు పట్టి లాగితే వచ్చింది, పిడికిలి బిగిసిపోయి. తొట్టి బోర్లించాం. మాంసం తప్ప ఏమీ లేదు.

ఆ పిడికిలి మళ్ళీ తెరుచుకోలేదు. డాక్టర్లు కూడా విప్పలేకపోయారు. వేళ్ళ సందుల్లోంచి జిగురు కారేది. లోపలినుంచి ఏదో ఒక్కో వేలినీ నొక్కుతున్నట్టు చర్మం ఉబ్బేది... తగ్గేది. ఛీ, నేను కళ్ళారా చూశాను. తొమ్మిదేళ్ళు అలాగే బతికాడు. చికాగో మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

వాణ్ణి పూడ్చిన రోజున ఓటిలీ మొదటిసారి నల్లబట్టలు కట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ సమాధి మీద, కుడిచేతి వైపున మాత్రమే పూలగుత్తి పెట్టేది.

"వాడికి కాదులే," అనేది నాతో.

సోమవారం నేను వెళ్ళి చూసేదాన్ని. పూలు కనిపించేవి కావు, లోపలికి లాక్కున్నట్టు. కాడల చివర్లు మాత్రం మట్టిలోంచి పైకి ఉండేవి...