కర్రకోట దగ్గర మూడో పిలుపు

కర్రకోట దగ్గర చీకటి పడ్డాక కారు ఆపకండి. ఆపినా దిగకండి. దిగినా... సరే, దిగినాయన సంగతే చెబుతాను, వినండి.

నేను కళ్ళారా చూడలేదు సుమండీ. మా పక్కింటి పద్మిని నాకు చెప్పింది, నేను మీకు చెబుతున్నాను. ఇందులో ఉప్పూ కారం ఎక్కువైతే ఆ చెయ్యి పద్మినిది, ఈ ఛాయాదేవిది కాదు.

పిట్స్‌బర్గ్ నుంచి తూర్పుగా కొండల్లోకి పోయే దారిలో ఉంటుందా కోట. దానికి ఎవరో కల్నల్ పేరు పెట్టారు గానీ అది మన నోటికి తిరగదు. దుంగలు చెక్కి వరసగా పాతి కట్టిన గోడ కనక మన తెలుగువాళ్ళమంతా కర్రకోట అంటాం. రెండున్నర శతాబ్దాల పైమాట. కొండల అవతల ఫ్రెంచివాళ్ళు, ఇవతల ఇంగ్లీషువాళ్ళు, మధ్యలో అడవి. ఆ అడవేమో ఇద్దరిదీ కాదు, డెలావేర్ ఆదివాసీ తెగవాళ్ళది. కోటలో ఉన్నవాళ్ళకి తిండి లేదు, తుపాకిమందు లేదు. ఫిలడెల్ఫియాలో గవర్నరూ అసెంబ్లీవాళ్ళూ ఖర్చు నువ్వు పెట్టంటే నువ్వు పెట్టమని పోట్లాడుకుంటూ కూర్చుంటే ఇక్కడికి ఎవరు పంపుతారు?

అలాంటి రోజుల్లో ఒక రాత్రి... కాపలావాడికి అడుగుల చప్పుడు వినిపించింది.

రూలేమిటంటే, "ఎవరది?" అని మూడుసార్లు అడగాలి. మూడోసారికీ జవాబు రాకపోతేనే పేల్చాలి. వాడు ఒకసారి అడిగాడు. జవాబు లేదు. రెండోసారి అడిగాడు. లేదు. కడుపులో ఆకలి, కళ్ళల్లో నిద్ర, గుండెల్లో భయం — మూడోసారి అడక్కుండానే పేల్చేశాడు. దీపం పట్టుకెళ్ళి చూస్తే... పడి ఉన్నది సొంత కోటవాడే. జర్మనీ నుంచి వచ్చిన రైతు. పాపం, ఇంగ్లీషు ముక్క రాదు. పక్కన బావి నీళ్ళ బకెట్టు దొర్లిపోయి ఉంది.

కాపలావాడు ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదట. బతకలేదు గానీ, డ్యూటీ మాత్రం దిగలేదంటారు.

ఇంతకీ ఈ కథ ఊరందరికీ చెప్పేది ఎవరనుకున్నారు? పద్మిని వాళ్ళాయన, డాక్టర్ భీమశంకరం గారే. ఆయన మత్తు డాక్టరు. ఇక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి జనాన్ని నిద్రపుచ్చి రిటైరయ్యారు. రిటైరయినా ఆ విద్య వదల్లేదు, ఇప్పుడు గుడి హాల్లో హిస్టరీ లెక్చర్లు ఇస్తున్నారు. "అక్కడ మన గోదావరి జిల్లా చందుర్తిలోనూ, ఇక్కడ ఈ కొండల్లోనూ, ఒకే ఏడాది ఇంగ్లీషువాడూ ఫ్రెంచివాడూ తన్నుకున్నారండీ! ఊరు మనది, కొట్లాట వాళ్ళది!" అని మైకు పట్టుకున్నారంటే ముందు వరస పెద్దవాళ్ళంతా హాయిగా కునుకు తీస్తారు. చివర్లో కాపలావాడి కథ చెప్పి, "దెయ్యం లేదు, గియ్యం లేదు, అంతా మన భ్రమ" అని ముగిస్తారు.

మరి అంత సైన్సు మనిషీ ఇంట్లో మాత్రం భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ పలకరు.

"మా అమ్మ నేర్పిందే! చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలక్కూడదు. దెయ్యమైతే రెండుసార్లతో ఆపేస్తుంది."

"అయితే నేను దెయ్యాన్నా?" అంటుంది పద్మిని.

"కాదని రూఢి చేసుకుంటున్నాను."

సరే, అసలు సంగతికి వస్తాను. ఆయనకి ఓ పెద్ద చిక్కొచ్చి పడింది. వేసవిలో ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్‌ని కారుతో ముద్దాడారు కదా, అప్పట్నుంచీ కూతురు అవని ఒకటే గోల. "నాన్నా, నైట్ డ్రైవింగ్ మానేయండి." ఈయన వినలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. ఇంకొక్క పొరపాటు జరిగితే కారు కీ అవని చేతిలో పెట్టెయ్యాలి. స్పేర్ కీ అప్పటికే అవని పట్టుకుపోయింది. ఆ కీ పోతే గుడి లేదు, లెక్చర్ లేదు, లైబ్రరీ లేదు. పద్మినికి డ్రైవింగ్ రాదు. "అది లాక్కుంటే నన్ను కుర్చీలో కట్టేసినట్టేనే" అని పాపం ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. పైకి నవ్వుతున్నాను గానీ ఆ మాట విన్నప్పుడు నాకూ మనసు చివుక్కుమంది.

నవంబర్ శనివారం. లెక్చర్ అయింది. పద్మినికి జలుబు, ఇంట్లోనే ఉంది. ఈయన ఒక్కరే బయల్దేరారు. సాయంత్రమే, కానీ ఇక్కడ ఆ నెలలో టీ తాగి కప్పు కింద పెట్టేలోపు చీకటైపోతుంది. టీ అంటే గుర్తొచ్చింది. గుడి క్యాంటీన్‌లో మొహమాటానికి పోయి ఎన్ని టీలు తాగారో ఏమో, దారిలో ఆగక తప్పలేదు. ఎందుకని అడక్కండి. వయసు అలాంటిది.

ఎక్కడ ఆపారంటారా? ఇంకెక్కడ... కర్రకోట దగ్గర.

హీటర్ చల్లారిపోతుందని ఇంజన్ ఆపకుండానే దిగారు. అటూ ఇటూ చూశారు. కోట మూసేసి ఉంది, పురుగు కూడా లేదు. దుంగల గోడ పక్కకి నడిచి, చీకట్లో నిలబడి, జేబులోంచి టిష్యూ తీసుకుని...

"హూ కమ్స్ దేర్?"

ఆడగొంతు! గోడ పైనుంచి!

ఆయన చేస్తున్న పని ఆగిపోయింది. ఊపిరి కూడా ఆగిపోయింది. ఇంత చలిలో, ఇంత చీకట్లో, మూసేసిన కోట మీద ఆడదేమిటి? పలక్కూడదు. పలకలేదు.

గాలికి ఎండుటాకులు గలగలమన్నాయి. మళ్ళీ నిశ్శబ్దం...

"హూ కమ్స్ దేర్!"

ఈసారి దగ్గరగా. అమ్మా, రెండు అయ్యాయి... ఇంకోసారి పిలిస్తే మనిషి. పిలవకపోతే... అని అలాగే బిగుసుకుపోయి, మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు.

రాలేదు.

ఎంతసేపో రాలేదు.

మెల్లిగా కారువైపు తిరగబోతుంటే — వెనక, కోట బయటి ఆ పాత బావి వైపు నుంచి — టక్... తుపాకి ఎక్కుపెట్టిన చప్పుడు. ఆ వెంటనే బొంగురు గొంతు, మగగొంతు, గట్టిగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు...

"హూ... కమ్స్... దేర్?"

అంతే! సైన్సు గంగలో కలిసింది. బావి వైపు తిరిగి, చిన్నప్పుడు ఊళ్ళో ఇంటింటి తలుపు మీదా రాసుండే మాట, గొంతు చించుకుని అరిచారు.

"రేపు రా! రేపు రా!"

అరిచి, కాళ్ళకి బుద్ధి చెప్పారు. వెనక ఎవరో తరుముకొస్తున్న చప్పుడు. మూడు మూలల టోపీ ఒకటి కారు అద్దంలో ఊగుతూ కనిపించింది. ఆ మోకాళ్ళ నొప్పుల మనిషి కారు ఎలా ఎక్కారో, ఎలా నడిపారో ఆ వెంకటేశ్వరుడికే తెలియాలి. దారి పొడుగునా కారు కీక్ కీక్‌మని మొత్తుకుంటూనే ఉందట. ఎందుకో ఈయనకి పట్టలేదు. ఇంటికొచ్చి ఇంజన్ ఆపాక గానీ తెలియలేదు.

కీ లేదు! ఈ కాలం కార్లు కీ జేబులో ఉంటేనే స్టార్టవుతాయి. ఒకసారి స్టార్టయితే మాత్రం కీ ఎక్కడ పడిపోయినా పరుగెడతాయి. టిష్యూతో పాటు అదీ కోట దగ్గరే పడిపోయిందన్నమాట.

రాత్రంతా ఆయనకి కునుకు లేదు. జనాన్ని నిద్రపుచ్చిన మనిషికి అదేం శిక్షో! తెల్లారాక పద్మినికి అంతా చెప్పి, చేతులు పట్టుకున్నారు.

"అవనికి చెప్పకే. నా పరువు పోతుంది. కారూ పోతుంది."

"నేను చెప్పనండీ. కానీ అది ఇవాళ సాయంత్రం వస్తోందిగా? కారు కదపమంటే ఏం చేస్తారు?"

అవని రానే వచ్చింది. వంటింట్లో అమ్మకి సాయం చేస్తోంది. ఈయన హాల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. బయట చీకటి పడింది.

డోర్‌బెల్ మోగింది.

ఫోన్‌లో డోర్‌బెల్ కెమెరా తెరిచి చూశారో లేదో... పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మం ముందు మూడు మూలల టోపీ. పాతకాలపు పొడుగు కోటు. భుజాన బారెడు తుపాకి.

"పద్మినీ... రేపు రమ్మన్నానే... వచ్చింది!"

లేచి దేవుడి గదిలోకి దూరి ఆంజనేయ దండకం అందుకున్నారు. అవని వెళ్ళి తలుపు తీసింది.

"హాయ్ అవని అక్కా! అంకుల్ ఉన్నారా?"

చూస్తే ఎవరు? మన గుడికొచ్చే రేణు కూతురు మృదుల! పిట్స్‌బర్గ్‌లో పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు సిపాయి వేషం. పాతకాలపు సైన్యాలు ఎలా ఉండేవో వేషాలు కట్టి చూపించే గుంపులు ఉంటాయి కదా, అందులో చేరిందిట. ఆ శనివారం కోటలో వాళ్ళ క్యాంపు. పాతకాలంలాగే ఉండాలని లైట్లు కూడా పెట్టుకోరుట. తెలుగు మాటలు విని ఈయన దేవుడి గదిలోంచి మెల్లిగా బయటికొచ్చారు.

"అంకుల్, మీ కీ అక్కడ పడిపోయింది. ఇద్దామని వెనకాల రన్ చేశాను, మీరు ఇంకా ఫాస్ట్‌గా వెళ్ళిపోయారు. మీ వాయిస్ టెంపుల్‌లో విన్నాను కదా, గుర్తుపట్టాను. నాకు నైట్ అంతా డ్యూటీ. అయినా మీరే 'రేపు రా' అన్నారు కదా? సో, క్యాంప్ అయిపోగానే వచ్చాను."

ముందు పద్మిని నవ్వు మొదలుపెట్టింది. అవని సోఫాలో పడి దొర్లింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కీ తీసుకుని నాన్న చేతిలోనే పెట్టింది.

"ఇదిగో నాన్నా, ఈసారికి మాఫీ. ఇంత నవ్వించినందుకు."

భీమశంకరం గారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతో పాటు లెక్చర్ గొంతు కూడా వచ్చింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

"చూశారా? దెయ్యం లేదు, గియ్యం లేదు! కానీ నిజం చెప్పాలమ్మా మృదులా, ఆ మూడోసారి మాత్రం నన్ను దడిపించేశావు. బావి వెనక్కి వెళ్ళి, మగగొంతు పెట్టి... భలే యాక్టింగ్!"

మృదుల టీ కప్పు కింద పెట్టింది.

"మూడోసారా? లేదు అంకుల్, నేను రెండుసార్లే పిలిచాను. మూడోసారి పిలిస్తే నెక్స్ట్ గన్ పేల్చాలి. బుల్లెట్ ఉండదు, ఉత్త సౌండే. బట్ ఎవరో పెద్దాయన, భయపడతారని ఊరుకున్నాను. మీరు అరిచి పరుగెత్తేదాకా గోడ మీదనుంచి దిగనే లేదు." మళ్ళీ కప్పు అందుకుంటూ అడిగింది. "అవునూ... నేను ఇటు ఉంటే మీరు అటు, బావి వైపు తిరిగి అరిచారేంటి?"

ఎవరూ నవ్వలేదు. వంటింట్లో పోపు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

"అంటే... వాడు ఆ రాత్రి పిలవకుండా వదిలేసిన పిలుపు..." అని పద్మిని మాట మధ్యలోనే మింగేసింది.

భీమశంకరం గారు మెల్లిగా లేచి, అంత పోరాడి నిలబెట్టుకున్న కీని తనంతట తనే అవని అరచేతిలో పెట్టారు.

"రాత్రిళ్ళు నువ్వే డ్రైవ్ చెయ్యమ్మా."

ఆ రాత్రి పడుకోబోతూ పద్మినిని అడిగారట, "ఏమే, వాణ్ణి కూడా రేపు రమ్మన్నట్టేగా?" అని.

"భయపడకండి. వాడికి తెలుగు రాదుగా" అందిట మా పద్మిని. మొగుడికి ధైర్యం చెప్పడంలో దాని తర్వాతే ఎవరైనా.

అదండీ సంగతి. ఇప్పుడాయన గుడికి పగలే వెళ్ళి, లెక్చర్ పగలే ముగిస్తున్నారు. పెద్దవాళ్ళకి మధ్యాహ్నం నిద్ర బాగా పడుతోందట. ఇంట్లో మాత్రం పద్మిని ప్రాణానికి సుఖంగా ఉంది. "భోజనానికి రండీ" అని ఒక్కసారి అంటే చాలు, "వస్తున్నా, వస్తున్నా" అని పరుగెత్తుకొస్తున్నారు.

మొదటి రెండు పిలుపులూ పద్మినివే అనుకోండి. మూడోది ఎవరు పిలుస్తారో ఏమో మరి!