సెలవుల రంగు

"ఈ గొడుగు మాది."

తేజేశ్వర్ తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. డెస్టిన్ బీచ్‌లో పంచదార పోసినట్టున్న ఇసుక. పొద్దెక్కకముందే కళ్ళు తెరవనివ్వని వెలుగు. జనమంతా ఎండ కోసం వాలిపోయి ఉంటే, అతను మాత్రం ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకి గుండీలన్నీ పెట్టుకుని, కాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని, ఎవరిదో నీలం గొడుగు కింద ముడుచుకుని కూర్చున్నాడు.

"సారీ అండీ. ఖాళీగా ఉందని కూర్చున్నా."

"పర్లేదు, ఉండు. గొడుగు మా అమ్మమ్మకి. నాకు నీడ వద్దు, టాన్ కోసం వచ్చా, కాస్త నల్లబడాలి."

అతను నవ్వాడు. మంచి నవ్వు కాదది.

"మా ఒంగోల్లో ప్రతి ఆదివారం మా అమ్మ నన్ను శనగపిండితో తోమేది, రంగు తేలతానని. ముందే తెలిస్తే ఆ తోమిన రంగు మీకు కాస్త పార్సిల్ చేసేవాణ్ణి."

ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలో సన్‌స్క్రీన్ ట్యూబ్ పట్టుకుని, అతని ముఖం వంక తీరిగ్గా చూసింది.

"నాకు నప్పదేమో. నీకు బాగుంది," అని నీళ్ళవైపు వెళ్ళిపోయింది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట అతనితో అన్నవాళ్ళు లేరు. అతనికి కోపం వచ్చింది. ఎందుకో తనకే తెలియలేదు.

జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ నుంచి కొన్ని తెలుగు కుటుంబాలు ఏటా జూన్‌లో ఇక్కడికొచ్చి, సముద్రానికి ఎదురుగా ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుంటాయి. ఆ ఏడాది తేజేశ్వర్‌ని అతని ఆఫీస్ ఫ్రెండ్ అనూప్ లాక్కొచ్చాడు. అమ్మాయి పేరు హంసిక. పుట్టింది జార్జియాలోనే, అక్కడే ఫార్మసిస్ట్. తల్లి జయంతి, అమ్మమ్మ ఆండాళ్ కూడా వచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ ఎదురైంది.

"ఇవాళైనా ఆ చొక్కా తీస్తావా, లేక దాంతోనే పుట్టావా?"

"నాకు టాన్ వేస్ట్. ఆల్రెడీ ఫుల్ ట్యాంక్."

"టాన్ కోసం కాదు. ఎండ కోసం. కూర్చో, రూల్స్ చెప్తా. అసలు ఫస్ట్ రూల్ ఏంటంటే, సేఫ్ టాన్ అనేది లేదు. రంగు మారిందంటే స్కిన్‌కి దెబ్బ తగిలినట్టే. తక్కువ దెబ్బతో సరిపెట్టుకోవాలి."

"తెలిసి కూడా ఎందుకు మరి?"

"నువ్వు స్వీట్స్ తినవా?"

బయటికి రాకముందే క్రీమ్ రాసుకోవాలి. చెవులకి, మెడ వెనక, పాదాల మీద కూడా. ఈత కొట్టి వచ్చాక మళ్ళీ. టోపీ, కళ్ళజోడు, నీళ్ళ సీసా. "నీ నీడ నీకంటే పొట్టిగా అయిందంటే గొడుగు కిందకి పరిగెత్తు. మళ్ళీ సాయంత్రమే," అని ముగించి, ట్యూబ్ చాపింది.

"మాకవసరం లేదండీ. మా ఒంటికి ఎండ కొత్తా?" అన్నాడతను, మొండిగా. మొండితనంతోనే చొక్కా కూడా తీశాడు. ఆ రోజంతా నీళ్ళలోనే ఉన్నాడు.

సాయంత్రం ఉన్నట్టుండి వాన దిగింది. అందరూ తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని ఇంటి వరండాలోకి ఉరికారు. తేజేశ్వర్ మాత్రం వానలోనే నిలబడ్డాడు. భుజాలు మండిపోతున్నాయి. చల్లటి చినుకు పడ్డచోటల్లా ప్రాణం లేచివస్తోంది.

హంసిక గొడుగు లేకుండానే దిగి వచ్చింది. చేతిలో తడి తువ్వాలు.

"నల్లవాళ్ళకి కాలదనుకున్నా," అన్నాడు నెమ్మదిగా.

"స్కిన్ ఎవరిదైనా కాలుతుంది, బుద్ధూ. నీది ఎర్రబడ్డం బయటికి కనపడదు, అంతే. అందుకే ఎవరూ నిన్ను అడగరు."

తువ్వాలు భుజాల మీద పరిచింది. ఆ తడి చల్లదనంలో అతను కళ్ళు మూసుకున్నాడు. అడిగేవాళ్ళు ఒకరుంటే ఎంత తేలికో అనిపించింది. వాన తగ్గినా ఇద్దరూ లోపలికి పోలేదు.

అలా మొదలైంది. ఆ తర్వాత కమ్మింగ్‌లో ఏడాదంతా కాఫీలు, వీకెండ్ డ్రైవ్‌లు, ఫార్మసీ పార్కింగ్‌లో ఎదురుచూపులు. చలికాలంలో కూడా అతను బయటికి వెళ్తుంటే "మెడకి రాశావా?" అని మెసేజ్ పెట్టేది. రాయకపోయినా రాశానని జవాబిచ్చేవాడు. కనిపెట్టి తిట్టేది.

ఈ జూన్‌లో మళ్ళీ అదే ఇల్లు. ఈసారి అనూప్ లాక్కురాలేదు, తేజేశ్వర్ తనే తయారై వచ్చాడు. తిరిగి వెళ్ళేలోపు తమ సంగతి ఇంట్లో చెప్తానని హంసిక మాటిచ్చింది.

ఆ మాటే అతను వారమంతా మోశాడు. జయంతి అతన్ని "బాబూ" అని ఆప్యాయంగానే పిలిచేది. ఐసు నింపిన కూలర్ మోయమనేది, గ్రిల్ వెలిగించమనేది. హంసిక నీళ్ళలోంచి వస్తే మాత్రం ఆమె గొంతు మారేది.

"ఆ చేతులు చూడవే. పెళ్ళిచూపులకి ఎవరైనా వస్తే ఇలాగేనా కూర్చునేది?"

"మమ్మీ, చిల్. ఇది పర్మనెంట్ కాదు, పోతుంది."

తేజేశ్వర్ గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తు తిప్పుతున్నాడు. పక్కనే ఉన్నాడు. ఆ 'పోతుంది'లో ఉన్న ధీమాకి అతనికి భుజాల మీద కాకుండా ఇంకెక్కడో కాలింది.

తర్వాత మెట్ల దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు అడిగాడు.

"చెప్పావా?"

"సగం చెప్పా. ఎప్పుడో స్ప్రింగ్‌లోనే. ఒక అబ్బాయి ఉన్నాడు, ఆల్ఫరెట్టాలో జాబ్, చాలా మంచోడు అని. షీ వాజ్ సో హ్యాపీ, తేజ్."

"ఫోటో అడగలేదా?"

హంసిక ఇసుక అంటిన కాళ్ళు దులుపుకుంది.

"అడిగింది. తర్వాత చూపిస్తా అన్నా."

"మరి ఇప్పుడు ఫోటో అవసరం లేదుగా. మనిషినే వచ్చాను. పొద్దున్నుంచి మీ అమ్మగారికి మొక్కజొన్న కాల్చి పెడుతున్నాను."

"రేపు చెప్తా. ప్రామిస్."

మరునాడు ఆఖరి సాయంత్రం. అందరూ తెల్లబట్టలు వేసుకుని సముద్రం ముందు వరసగా నిలబడ్డారు. ఏటా తీసుకునే ఫోటో అది. జయంతి కూతురి చేతుల మీద పౌడర్ అద్దింది. హంసిక వద్దంటూనే చేయి చాపి నిలబడింది. తేజేశ్వర్ కూడా తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చేసుకుని మరీ వేసుకున్నాడు.

"బాబూ, కాస్త నువ్వు తీస్తావా? నీకైతే చెయ్యి షేక్ అవదు," అని జయంతి ఫోన్ అందించింది.

అతను ఫోన్ తీసుకున్నాడు. తెర మీద హంసిక ముఖం. ఆమె అతన్ని చూసింది, అమ్మని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. పెదవి కదిలింది. వరసలోనే నిలబడిపోయింది.

"అందరూ ఇటు చూడండి," అన్నాడు తేజేశ్వర్. చేయి నిజంగానే వణకలేదు.

జనం ఇంట్లోకి వెళ్ళిపోయాక ఆమె పరిగెత్తుకొచ్చింది. "తేజ్, మనిద్దరం ఒకటి తీసుకుందాం. ఇప్పుడు లైట్ బాగుంది."

"ఎవరూ లేనప్పుడా?" అన్నాడతను. ఇసుకలో చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కార్లన్నీ పెట్రోలు కోసం అలబామాలో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాయి. చెట్టు నీడన ఒక పిక్నిక్ బల్ల. ఆండాళ్ పేపర్ ప్లేట్లలో పులిహోర పెడుతోంది. జయంతి తల్లికి ఫోటో చూపించింది.

"ఎంత బాగా వచ్చిందో చూడమ్మా."

ఆండాళ్ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "తీసినవాడు ఏడే ఇందులో? వారం రోజులు మన చాకిరీ అంతా చేశాడు."

"అది ఫ్యామిలీ ఫోటో కదమ్మా."

హంసిక ప్లేటు కింద పెట్టింది. కార్ దగ్గర నిలబడ్డ తేజేశ్వర్‌కి వినబడేలాగే అంది.

"మమ్మీ, నేను చెప్పిన అబ్బాయి ఇతనే."

జయంతి చూపు తేజేశ్వర్ ముఖం మీద నుంచి చేతుల మీదికి దిగి, తిరిగి ముఖానికి వచ్చింది. ఒక్క క్షణమే. అతనికి అలవాటైన క్షణం అది.

"ఇతనా," అంది. కూతురివైపు తిరిగింది. "ఫోటో చూపించమని ఎన్నిసార్లు అడిగాను నిన్ను? నాకు రంగు పట్టింపని దాచావు. సరే, నాది పాతకాలపు బుద్ధి. నీకు పట్టింపు లేకపోతే నిన్న సాయంత్రం ఎందుకు నోరు మూసుకున్నావే?"

జయంతి లేచి, కార్లో కూర్చుని తలుపు వేసుకుంది.

హంసిక కళ్ళనిండా నీళ్ళతో అతని దగ్గరికొచ్చింది. "తేజ్, ఏదో ఒకటి అను. తిట్టు."

"ఏమంటాను? ఆంటీ అడిగింది కరెక్టే. నాక్కూడా అదే ప్రశ్న."

"భయమేసింది. సారీ. దానికి ఇంకో పేరు లేదు నా దగ్గర."

అనూప్ కార్ స్టార్ట్ చేసి ఇటే చూస్తున్నాడు. తేజేశ్వర్ అటు రెండడుగులు వేశాడు కూడా.

"ఇలా రా నాయనా," అంది ఆండాళ్. బల్ల మీద తన పక్కన చేత్తో తట్టింది. అందరికంటే ఎక్కువ జీడిపప్పు పడ్డ ప్లేటొకటి అక్కడ పెట్టింది. "కోపం ఉంటే ఉండనీ. అన్నం మీద కాదుగా. తిను."

తేజేశ్వర్ వచ్చి కూర్చున్నాడు. పులిహోర కాస్త పులుపెక్కింది. మెతుకు మెతుకూ నిదానంగా తిన్నాడు.

హంసిక అదే బల్లకి ఆ చివర వచ్చి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. అతను అటు జరగలేదు. ప్లేటు ఖాళీ అయ్యాక కూడా లేచి వెళ్ళలేదు.