అతివస

"ఆగరా!"

షావుకారు ఆగడు!

మిట్టమధ్యాహ్నం. మూలికల గోడౌన్. కూలీలంతా భోజనాలకెళ్లారు. గోనె మూటల మధ్య సన్నటి సందు. ఆ సందులో పడుతూ లేస్తూ షావుకారు... వెనకే ఆమె.

చేతిలో వేర్లు కోసే కత్తి!

కళ్ల ముందు ఒకటే... పాప మొహం.

పళ్లొచ్చే వయసు. ఒళ్లు వెచ్చబడింది, విరేచనాలు పట్టుకున్నాయి. అత్తగారు తనకు తెలిసిన వైద్యమే చేసింది. అతివస వేరు సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి నాకించింది. ఎంతమంది పసివాళ్లను నిలబెట్టిన వేరు!

పొద్దు వాలకముందే పాప చల్లబడిపోయింది.

ఆ వేరు కొన్నది ఈ షావుకారు దగ్గరే!

ఎదురుగా షట్టర్. తాళం! ఇక దారి లేదు.

"తల్లీ... నీ కాళ్లు పట్టుకుంటా!"

ఆమె పక్కనున్న మూటను సర్రున చీలుస్తుంది. వేర్లు జలజలా రాలతాయి. ఒకటి తీసి వాడి మొహాన పెడుతుంది.

"ఏంటిది?"

"అ... అతివస. మేలురకం."

"అయితే నములు."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నములరా!"

కత్తి గొంతుకు ఆనుతుంది.

"వద్దు! అందులో నాభి వేరు కలిసింది... పచ్చి విషం!"

కత్తి పైకి లేస్తుంది...

"కలిపింది నేను కాదు! సరుకు లారీలో తోలే నీ మొగుడే! చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఎవడు కనిపెడతాడన్నాడు!"

"అబద్ధం!"

ధడేల్!

పక్క తలుపు తెరుచుకుంటుంది. భర్త! చేతిలో రివాల్వర్.

"నువ్వు జరుగు. నా బిడ్డను చంపినోణ్ణి నేనే చంపుతా."

చూపు ఆమె మీద లేదు. షావుకారు నోటి మీదే ఉంది... ఇంకేం వాగుతాడోనని!

ఆమె భర్త వైపు తిరుగుతుంది.

"మీ అమ్మ ఆ వేరు అరగదీస్తుంటే పక్కనే ఉన్నావు. ఏ మూటలోదో తెలీదా నీకు?"

"అది... తిరిగి మనింటికే వస్తుందనుకోలేదే!"

నోరు జారాడు!

"ఊళ్లో పిల్లలకైతే ఫర్వాలేదా?"

కత్తి భర్త మణికట్టు మీద పడుతుంది. కేక! రివాల్వర్ నేల మీద జారుతుంది... ఆమె చేతికి చిక్కుతుంది.

"ఒసేయ్... నీ మొగుణ్ణే!"

మూటల చాటుకు జారిన షావుకారు హమ్మయ్య అని ఊపిరి వదులుతాడు.

"నువ్వు సంబరపడకు," అంటుంది ఆమె, అటు తిరక్కుండానే. "తర్వాత నీ దగ్గరికే వస్తా."

ఢాం!