నాలుగో పతకం

పట్టపగలు పదకొండింటికి, వందమంది చూస్తుండగా ఆవిడ ప్రాణం తీశారు. చూసినవాళ్లంతా దొంగతనం అనుకున్నారు.

చౌరస్తాకి ఎదురుగా ఉన్న కాఫీ షాపులో కూర్చుని కంసాలి కూడా చూశాడు. అతను వచ్చిందే చూడడానికి. ఆవిడ సిల్కు చీర కట్టుకుంది. మెడలో పాతకాలపు పతకం వేలాడే గొలుసు, చేతిలో ఐస్‌క్రీమ్. భర్త రెండడుగులు వెనక్కి జరిగి ఫోటో తీస్తున్నాడు. నల్ల బైకు ఫుట్‌పాత్ అంచుని రాసుకుంటూ వచ్చింది. వెనక కూర్చున్నవాడు చెయ్యి చాచి గొలుసు పట్టి లాగాడు. తెగలేదు. బైకు ఆగలేదు. ముప్ఫై గజాలు ఈడ్చుకుపోయాక గానీ గొలుసు వాడి చేతికి రాలేదు. అప్పటికే అంతా అయిపోయింది.

కంసాలికి ఉన్న ఆర్డర్ ఒక్కటే. కదలొద్దు, బైకుని వెంటాడే టీమ్‌కి సిగ్నల్ ఇవ్వు. సిగ్నల్ ఇచ్చాడు. కదల్లేదు. బైకు మూడో మలుపులో దొరికింది. దాని మీద మనుషులూ లేరు, నగా లేదు.

మర్నాడు ఎంబసీ గుమాస్తా వేషంలో మార్చురీకి వెళ్లాడు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికే తెలుసు. తండ్రి బంగారప్పని చేసేవాడు కాబట్టి కంసాలి అన్న పేరే స్థిరపడిపోయింది. నగని చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడని అందరూ నవ్వేవాళ్లు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ గుప్పిట్లో గొలుసు లంకెలు రెండు మిగిలాయి. భూతద్దం కింద పెట్టి చూశాడు. ఒక లంకెని ఎవరో ఆకురాయితో సగానికి పైగా అరగదీసి, ఆ సంగతి కనబడకుండా మెరుగు పెట్టారు. అలా సన్నబడ్డ చోటనే ఇంకెవరో కొత్తగా టంకం పెట్టి, సన్నటి బంగారు తీగ చుట్టారు. రెండూ ఈమధ్యవే. రెండూ ఒకరి చేతి పని కాదు.

బయట బెంచీ మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. అడక్కుండానే చెప్పాడు. "బయల్దేరే ముందు నేనే చూశానండీ. ఒక లంకె అరిగిపోయి ఉంది. పరాయి దేశంలో తెగి పడిపోతుందేమోనని గట్టి చేయించాను. మంచిపనే చేశాను కదండీ?"

"మంచిపనేనండీ," అన్నాడు కంసాలి.

వృత్తి రీత్యా అతను చాలా అబద్ధాలు ఆడాడు. ఏదీ ఇంత బరువుగా లేదు. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరక్కుండా పెద్దాయన గదికి పిలుపొచ్చింది. చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. కిటికీ తెరలు ఎప్పుడూ దించే ఉండే గది అది. బల్ల మీద రెండు ఫోన్లు, ఒక ఫైలు. పెద్దాయన కుర్చీ చూపించలేదు, నేరుగా విషయంలోకి వచ్చాడు.

ఒక ట్రావెల్ కంపెనీ తమ దగ్గర టూర్ బుక్ చేసుకున్నవాళ్లకి పాత నగలు ఉచితంగా మెరుగు పెట్టిస్తోంది. ఉచితమంటే మనవాళ్లు ఊరుకుంటారా, బీరువా అడుగున ఉన్నవి కూడా తీసుకెళ్లి ఇస్తున్నారు. అక్కడి పనివాడు ఎంచుకున్న ఒక పతకం వెనక రేకు లేపి, లోపల గోరంత చిప్ పెట్టి మూసేస్తాడు. మెడలో ఉన్న పాత నగని కస్టమ్స్‌వాళ్లు విప్పి చూడరు. గొలుసు ఒక్క గుంజుకే తెగేలా ఒక లంకెని అరగదీసి పంపుతాడు. పరాయి ఊళ్లో దాన్ని బైకు దొంగలు లాక్కుపోతారు. టూరిస్టు మెడలో గొలుసు పోయిందంటే ఏ పోలీసూ రెండో ప్రశ్న అడగడు. మన రేవు రక్షణ ప్లాన్ నాలుగు ముక్కలై ఇలా బయటికి వెళుతోంది. మూడు చేరిపోయాయి. నాలుగోది చేరితే శత్రువు ఓడలకి మన గుమ్మం తెరిచి పెట్టినట్టే.

"ఇక్కడి పనివాణ్ణి పట్టుకోవచ్చు కదా సార్?"

"పట్టుకుంటే అక్కడున్న మూడు ముక్కలూ మాయమైపోతాయి. వాటిని అందుకునేవాడు ఎవడో కావాలి నాకు."

"మొన్న ఆవిడ..."

"ఆవిడ చావు వాళ్ల ప్లాన్‌లో లేదు."

"మన ప్లాన్‌లోనూ లేదు సార్. అయినా పోయింది."

పెద్దాయన ఆ మాట విననట్టు ఫైలు మూశాడు. నాలుగో పతకం ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ మెడలో వెళుతోందని చెప్పాడు. ఆ సమాచారం ఇచ్చింది టూర్ మేనేజర్. ఆ ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న మనిషి, కోడ్‌నేమ్ నెమలి. అందగత్తె, తెలివైంది, ఇంతవరకూ ఆమె చెప్పిందేదీ తప్పు కాలేదు. ఇక ఆర్డర్ పాతదే. నగ పోనివ్వాలి, బైకు వెనక టీమ్ వెళ్లాలి, కంసాలి వేలు కూడా కదపకూడదు.

ల్యాబ్‌వాళ్లు వినికిడి మెషీన్‌లో అమర్చిన రేడియో, కోటు బొత్తంలో కెమెరా ఇచ్చారు. బంగారు తీగ కత్తిరించే తండ్రి చిన్న కత్తెరని కంసాలి తనంతట తనే పెట్టెలో వేసుకున్నాడు. ఎందుకని ల్యాబ్‌లో కుర్రాడు అడిగితే గోళ్లకన్నాడు.

మూడో రోజు పొద్దున అదే నగరంలో, హోటల్ లాబీలో, నెరిసిన విగ్గుతో, చెవిటి బొత్తాల వ్యాపారిగా టూరిస్టుల మధ్య నిలబడ్డాడు. నల్లకళ్లద్దాలు తల మీదికి తోసుకుని, మడమలు టకటకలాడిస్తూ నెమలి దగ్గరికి వచ్చింది.

"ఈ ఊళ్లో చెప్పులు ఎక్కడ కుడతారండీ?" అని కంసాలి అడిగాడు.

"మీవి ఇంకా కొత్తవేగా," అని కోడ్ జవాబు చెప్పి, పెదవులు కదిలీ కదలకుండా, "పదకొండింటికి, ఫౌంటెన్ దగ్గర. నల్ల బైకే," అంది.

తర్వాత అందరినీ పోగేసి జాగ్రత్తలు చెప్పింది. ఇక్కడ గొలుసు దొంగలు ఎక్కువ, నగలన్నీ తీసి హోటల్ లాకర్‌లో పెట్టేయండి, మొన్న ఒకావిడ ప్రాణమే పోయింది అని భయపెట్టింది. ఆడవాళ్లు గబగబా గాజులూ గొలుసులూ విప్పేశారు. హెడ్మిస్ట్రెస్ కూడా మెడ వెనక చెయ్యి పెట్టబోయింది. "మీదెంత మేడమ్, చిన్నది. ఈ చీరకి బాగా నప్పింది, ఉంచుకోండి," అని నెమలి నవ్వింది. ముఠా నమ్మాలి కాబట్టి అలా అని ఉంటుందిలే అని కంసాలి సరిపెట్టుకున్నాడు.

బస్సులో హెడ్మిస్ట్రెస్ అతని పక్క సీట్లోనే కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్లు బడి నడిపిన మనిషి. ఎవరి తోడూ లేకుండా, తన పెన్షన్ డబ్బుతో మొదటిసారి విమానం ఎక్కింది. పతకం వాళ్లమ్మది. చెవిటివాడన్న జాలితో మాటలన్నీ విడివిడిగా, గట్టిగా పలికింది. ఫౌంటెన్ ఇంకా ఇరవై నిమిషాల దూరంలో ఉందనగా, గొంతు కాస్త తగ్గించి తన తెలివి చెప్పుకుంది.

"ఆ అమ్మాయి దొంగలున్నారని చెప్పగానే గదికెళ్లి పని కానిచ్చాను నాయనా. గొలుసు పొడుగునా నైలాన్ దారం ఎక్కించి, మెడ వెనక ముడేశాను. పతకాన్ని జాకెట్టుకి నాలుగు పిన్నీసులతో బిగించాను. ఇద్దరు మొగాళ్లు లాగినా రాదు."

లంకె తెగుతుంది. దారం తెగదు. బైకు ఆగదు.

తల కిటికీ వైపు తిప్పి, ఆవిడకి వినబడకుండా గొణుగుతూ రేడియోలో సంగతి చెప్పాడు. గరగర మధ్య పెద్దాయన గొంతు వచ్చింది. "ఆపరేషన్ ఆగదు. ముట్టుకోవద్దు."

తన వల్ల అయిన ప్రయత్నం చేశాడు. మా ఆవిడకి ఇలాంటిదే చేయించాలనుకుంటున్నాను టీచర్ గారూ, ఒక్కసారి తీసి ఇస్తే ఫోటో తీసుకుంటానన్నాడు. ఆవిడ అతన్ని నఖశిఖపర్యంతం చూసింది. హోంవర్క్ ఇంట్లో మర్చిపోయానన్న పిల్లల్ని ఎన్ని వేలమందిని చూసిందో, అదే చూపు. "మెడలో ఉండగానే తీసుకో," అంది. ఆ తర్వాత బ్యాగు ఒళ్లోకి లాక్కుని, అటు జరిగి కూర్చుంది. దిగేటప్పుడు కావాలనే అతని కంటే నలుగురు ముందు దిగింది.

చౌరస్తా ఎప్పటిలాగే ఉంది. ఫౌంటెన్ చుట్టూ పావురాలు, పూల బకెట్లు పెట్టుకున్న దుకాణం, ఫోటోలు తీసుకుంటున్న జనం. నేల మీద మరక ఏదీ లేదు, శుభ్రంగా కడిగేశారు. కంసాలికి మాత్రం ఆ ముప్ఫై గజాలూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో కళ్లకి కట్టినట్టు కనబడుతోంది.

పదకొండుకి నిమిషం ఉందనగా బైకు చప్పుడు వినబడింది.

హెడ్మిస్ట్రెస్ ఫౌంటెన్ గట్టు దగ్గర నిలబడి నీళ్లకేసి చూస్తోంది. కంసాలికి మంచీ చెడూ బేరీజు వేసుకునే టైమ్ లేదు. నాలుగు అంగల్లో ఆవిడ వెనక్కి చేరి, ఎడం చేత్తో మెడ వెనక గొలుసు పైకెత్తి, కుడి చేత్తో కత్తెర ఆడించాడు. లంకె తెగింది. దారం జారిపోయింది. రెండోసారి నొక్కాడు. దారం కూడా తెగింది. ఆ క్షణంలోనే బైకు మీదివాడి చెయ్యి ముందు నుంచి వచ్చింది. గొలుసు పతకం కొక్కెంలోంచి జరజరా జారి వాడి వెంట వెళ్లిపోయింది. ఆవిడ తూలింది, పడలేదు. మెడ మీద ఎర్రటి గీత, అంతే. పతకం పిన్నీసులతో జాకెట్టుకే ఉండిపోయింది.

తిరిగి చూస్తే వెనక కత్తెరతో బొత్తాల వ్యాపారి. ఆవిడ బ్యాగు ఎత్తి అతని నెత్తిన ఒక్కటిచ్చింది. "దొంగ! పట్టుకోండి!"

పూల దుకాణంవాడూ ఇంకో ఇద్దరూ అతన్ని నేలకేసి అదిమారు. చెవిలో టీమ్ అరుపులు వినబడుతున్నాయి. అంతా బైకు వెనక పరుగెడుతున్నారు. ఇక్కడ ఒక్కరూ లేరు. చెంప రాతికి ఆనించి ఉన్నచోటు నుంచే కంసాలి నెమలి పరుగెత్తుకు రావడం చూశాడు.

దెబ్బ తగిలిన మనిషి దగ్గరికి వచ్చినవాళ్లు ముందు దెబ్బ చూస్తారు. నెమలి ఆవిడ మెడకేసి చూడనే లేదు. ఆమె వేళ్లు సూటిగా పిన్నీసుల మీదికి వెళ్లాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పతకం గుప్పిట్లోకి వచ్చేసింది. "ఇది బస్సులో భద్రంగా పెడతాను మేడమ్," అంది.

అప్పుడు కంసాలికి తెలిసొచ్చింది. మూడుసార్లూ మనం బైకు వెనకే పరుగెత్తాం. మూడుసార్లూ నగ మలుపు తిరగ్గానే టూర్ బస్సు సామాన్ల అరలో పడింది. బైకు గురించి మనకి చెప్పింది ఈమే, బస్సు ఎప్పుడూ ఎక్కడ ఆగాలో చెప్పేదీ ఈమే.

హెడ్మిస్ట్రెస్ ఆమె మణికట్టు పట్టుకుంది. "మా అమ్మది. ఇలా ఇవ్వమ్మా."

"తర్వాత ఇస్తాను మేడమ్, వదలండి."

"ఇచ్చాకే వదుల్తాను."

నెమలి రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లి, లిప్‌స్టిక్‌తో బయటికి వచ్చింది. అది మన ల్యాబ్‌లో తయారైన లిప్‌స్టిక్ తుపాకి. లోపల ఒకటే గుండు ఉంటుంది. దాన్ని ఆమె హెడ్మిస్ట్రెస్ పమిట మాటున పక్కటెముకలకి ఆనించింది. ఆవిడ అదేమిటో కూడా చూడలేదు, పతకాన్నే చూస్తోంది.

కంసాలి ఒక్కసారిగా చేతులు వెనక్కి విరిచి కోటులోంచి జారిపోయాడు. కోటూ విగ్గూ పూలవాడి చేతుల్లో మిగిలాయి. మూడు అంగలు వేసి కత్తెర పిడితో నెమలి మణికట్టు మీద కొట్టాడు. గుండు పూల బకెట్‌ని చీల్చుకుంటూ పోయింది. నీళ్లు జనం కాళ్ల కిందికి పారాయి. కంసాలి రేడియోలో, "బైకు వదిలేయండి. బస్సు," అని మాత్రం అన్నాడు. టీమ్ వచ్చి నెమలి చేతులు పట్టుకోగానే, పోలీసు విజిల్ వినబడని వైపుకి పరుగెత్తాడు.

సామాన్ల అరలో, స్టెప్నీ టైరు లోపల మిగతా మూడు పతకాలూ దొరికాయి. చిప్‌లు వాటిలోనే ఉన్నాయి, నాలుగూ కలిపి ఆ మధ్యాహ్నమే పడవెక్కాల్సినవి. మన దేశంలో ఉన్న నగల పనివాణ్ణి అదే గంటలో షాపులో పట్టుకున్నారు. నాలుగో పతకాన్ని చిప్ తీసేసి ఎంబసీవాళ్లు హెడ్మిస్ట్రెస్‌కి అప్పగించారు.

వారం తర్వాత పెద్దాయన ఈసారి కుర్చీ చూపించాడు. ముందు పెట్టిన కాగితాలు అక్కడి పోలీసులకి హెడ్మిస్ట్రెస్ రాసిచ్చిన స్టేట్‌మెంట్ నకలు. మూడు పేజీలు, గుండ్రటి దస్తూరి, ఒక్క కొట్టివేత లేదు. మొదటి దొంగ టూర్ మేనేజరనీ, రెండో దొంగ చెవిటివాడిలా నటించిన బొత్తాల వ్యాపారి అనీ, పంపకాల్లో తేడా వచ్చి ఇద్దరూ తన కళ్లెదుటే కొట్టుకున్నారనీ రాసింది. పోలికలు ఎంత బాగా చెప్పిందంటే పోలీసులు గీయించిన బొమ్మ అచ్చం కంసాలే.

"ఆ దేశంలో నువ్వింక అడుగు పెట్టలేవు," అన్నాడు పెద్దాయన.

"ఆవిడకి నిజం చెప్పొచ్చా సార్?"

"చెప్పకూడదు."

కంసాలి తలూపాడు. ఆవిడ బతికుంది, తిడుతోంది. అతనికి చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టుంది.

పెద్దాయన మూడో పేజీ చివరి పేరా మీద వేలు పెట్టి పైకి చదివాడు. "రెండో దొంగ మనిషి చెడ్డవాడిలా లేడు. చిన్నప్పుడు చెప్పినమాట వినక ఇలా తయారై ఉంటాడు. దొరికితే కొట్టకండి. ముందు పెద్దవాళ్ల మాట వినడం నేర్పించండి."

కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు, "ఈ పేరాని మాత్రం నీ సర్వీస్ ఫైల్లో పెట్టిస్తున్నాను."