గుండీల పొట్లం

ఉదయం పనులు ముగించుకుని భార్య చెప్పులు తొడుక్కోవడం చూసి దర్జీ మిషను ఆపాడు.

"మళ్ళీ సినిమాకేనా?"

ఆమె రెండో చెప్పు కూడా తొడుక్కుంది. ఊళ్ళో ఫిల్మ్ ఫెస్టివల్ మొదలై ఇది మూడో రోజు. నిన్నా మొన్నా ఆమె ఎక్కడికి వెళ్ళిందో పక్కింటావిడ చెప్పేదాకా ఆయనకు తెలియదు.

"కొడుకు పోయి ఏడు నెలలు. నీకు సినిమాలెలా సహిస్తున్నాయే?"

"మీకు మిషనెలా సహిస్తోంది?"

"అది కూడు పెడుతోంది. నోరు అదుపులో పెట్టుకో."

"ఇంకెంత పెట్టుకోను? వాడి మాటెత్తితే చాలు, కత్తెర పట్టుకుని గుడ్డల్లోకి దూరిపోతారు. గోడలతో చెప్పుకుంటున్నాను నేను! ఆ సినిమాలో వాడున్నాడండీ. మన వీధిలో తీశారే, అదే. వెనకనుంచి నడిచిపోతాడు. ఇవాళే ఆఖరి ఆట."

అనేసి నాలుక కరుచుకుంది. అప్పటికే ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు.

దారిలో ఆయనే మొదలుపెట్టాడు. "ఆ రోజేగా గుండీలు తెమ్మంటే గంటన్నర చేశాడు. షూటింగ్ చూస్తూ నిలబడ్డావా అంటే, లేదు నాన్నా, ఇక్కడ దొరక్క పెద్ద బజారుదాకా వెళ్ళొచ్చా అన్నాడు. అబద్ధాలు కూడానా అని చెంప పగలగొట్టాను. మూడో వారానికల్లా జ్వరమొచ్చి పోయాడు. అబద్ధమాడాడు కాబట్టే కొట్టాను. కాదా?"

వాడు చెప్పింది నిజమేనని రెండు రోజులుగా ఆమెకొక్కదానికే తెలుసు. ఆయన కళ్ళారా చూస్తే తట్టుకోలేడనే దాచింది.

హాలు గుమ్మంలో టికెట్లు చూసే పెద్దాయన ఆమెను గుర్తుపట్టి, అడక్కుండానే మధ్య వరసలో రెండు కుర్చీలు చూపించాడు.

అది నవ్వుల సినిమా. తెరమీద హీరో సైకిలుమీంచి బురదలో పడ్డాడు. వీధిలో జనమంతా ఆగి చూస్తున్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ఆ జనం వెనకనుంచి, చెమటకు తడిసిన చొక్కాతో, చేతిలో గుండీల పొట్లంతో, ఇరవయ్యేళ్ళ వాడొకడు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. తల కూడా తిప్పలేదు.

ఆమె భయంగా భర్త వైపు చూసింది. ఆయన కుర్చీ చేతులు బిగించి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

సినిమా అయిపోయింది. తర్వాతిది ఎప్పటిదో పాత బొమ్మ. దానికోసం కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. ఆయన లేవలేదు.

"నావల్ల కాలేదే. కళ్ళు తెరవలేకపోయాను." ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఆగి చూస్తున్నాడా వాడు?"

ఆమె ఖాళీ తెరవైపు చూసింది.

"ఆగాడండీ. మీరన్నట్టే, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు."

ఆ మాటతో ఆయన మనసు కుదుటపడుతుందనుకుంది. ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"చూస్తే ఏం? ఆ వయసులో చూడక ఏం చేస్తాడు? గంటసేపు చూస్తే నా కొంపేం మునిగింది? ఎందుకు కొట్టానే వాణ్ణి!"

ఏడు నెలల్లో ఆయన ఏడవడం అదే మొదలు. ఆమె ఆయన తలను తన భుజానికి ఆనించుకుంది. దీపాలు ఆరిపోయాయి, నలుపు తెలుపుల బొమ్మ మొదలైంది. ఆయన వెక్కిళ్ళు రెండు వరసలదాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరూ ఉష్ అనలేదు.